మెలిత సమాధి రాయి

ఏథెన్సులో సమాధి రాళ్లు చెక్కే యూథియాస్‌కు యుద్ధం వల్ల పాలరాయి దొరకలేదు. ఒక పసిపిల్ల సమాధి మీద నుంచి, తాను చెక్కిన రాయినే ఇంకొకరికి అమ్ముకుందామని దొంగచాటుగా ఎత్తుకొచ్చాడు. పావురాన్ని పట్టుకున్న పిల్లబొమ్మ పైన ఉన్న మెలిత అన్న పేరును ఉలితో చెరిపేశాడు.

చీకటి పడ్డాక ఆ పిల్ల తల్లి అతని గుమ్మంలోకి వచ్చింది.

"అన్నా, మా పాప రాయి కనబడటం లేదు. నువ్వు చెక్కిందే కదా, ఎక్కడైనా చూశావా?"

"లేదమ్మా," అన్నాడు తలెత్తకుండా. రాయి అతని వెనకే, పాత దుప్పటి కింద ఉంది.

"కనబడితే చెప్పన్నా. నిన్నే నమ్ముకున్నా," అని ఆమె వీధిలోకి దిగింది. కూతురు పోయిన నాటి నుంచి అలవాటైనట్టే, "మెలితా!" అని పిలుచుకుంటూ నడిచింది.

"ఆఁ, అమ్మా!" అని దుప్పటి కింద నుంచి వినబడింది.

యూథియాస్ ఆ దుప్పటిని రెండు చేతులా అదిమిపట్టాడు. బయట ఆమె అడుగుల చప్పుడు ఆగిపోయింది.