దేవుడిచ్చిన హిస్టరీ

"ఫిజిక్సు అని రాయండి మాస్టారండీ. కాదంటే మావాణ్ణి ఈ పూటే పడవెక్కించేస్తాను. బడీ వద్దు, గిడీ వద్దు," అన్నాడు పెద్దింటయ్య.

"ఆల్జీబ్రా రాయకపోతే నేనే తీసుకుపోయి ఆకివీడులో మా తమ్ముడి బియ్యం కొట్లో కూర్చోబెడతానండి," అంది సత్తెమ్మ.

భాస్కరరావు మాస్టారు తన ఇంటి సావిట్లో కూర్చుని కలం మూత తీసి, ఇద్దరి మొహాలూ చూసి, మళ్ళీ పెట్టేశారు. నాలుగో ఫారంలో పిల్లవాడు ఏదో ఒక సబ్జెక్టు ప్రత్యేకంగా తీసుకోవాలి, దరఖాస్తు మీద తల్లిదండ్రులు వేలిముద్ర వేయాలి, రమ్మని కబురుపెట్టింది ఆయనే. ఆ కబురు కొల్లేటి లంకకు చేరిన రోజు నుంచీ మొగుడూ పెళ్ళాం ఒక కంచం దగ్గర కూర్చున్న పాపాన పోలేదు. ఇద్దరూ ఒకే పడవలో ఏలూరు వచ్చారు గానీ, ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు.

పెద్దింటయ్య బాధ పెద్దింటయ్యది. లంకలో పట్టిన చేప ఊరు చేరేలోగా సగం పాడైపోతోంది. ఆమధ్య ఏలూరులో ఐసు మిషను పెట్టారంటే వెళ్ళి చూసి, నిలువెత్తు మంచుదిమ్మ ముందు నోరు తెరుచుకు నిలబడిపోయాడు. నీళ్ళు అలా ఎందుకు గడ్డకడతాయో ఫిజిక్సులో ఉంటుందని అక్కడి మేస్త్రీ చెప్పాడు. ఇంకేముంది, కొడుకు ఐసు మిషను పెట్టి తీరాల్సిందే.

"మరి నా సంగతో?" అంది సత్తెమ్మ. "మొన్న కాలవ లాకుల దగ్గర చేపల గంపతో పొద్దుటినుంచీ కూర్చున్నానండి. ఓవర్సీరుగారు నిద్ర లేస్తే గానీ తలుపు తియ్యలేదు. నా కొడుకే ఓవర్సీరైతే నా పడవ ఆపేదెవరండీ? దానికి ఆల్జీబ్రా కావాలంట."

"వాడు ఓవర్సీరైతే ముందు ఆగేది నీ పడవేనే. పొద్దెక్కకుండా ఎప్పుడైనా లేచాడా వాడు?"

"ఐసు మిషను కాడికైతే తెల్లారకుండా లేస్తాడా ఏం?"

వీధిలో తడిగోనె కప్పిన చేపల గంప అప్పుడే వాసనేస్తోంది. పెద్దింటయ్య గుమ్మం వైపు చూసి, కొడుకు వైపు తిరిగాడు.

"నీకేది కావాలో నువ్వే చెప్పరా."

వీరాస్వామి స్తంభాన్ని గోకుతూ, "ఏదైనా ఫరవాలేదు నాన్నా. బడి మానిపించకపోతే చాలు," అన్నాడు.

ఆ మాటకి మాస్టారి మొహం అదోలా అయింది. క్లాసులో ఫస్టు వచ్చే పిల్లవాడు మరి. ఆ బడి పెట్టి రెండేళ్ళయింది. ఫీజు తక్కువ, మాస్టార్లూ తక్కువే. అలాంటి పిల్లవాడు ఆ బడికి ఒక్కడు. ఆయన కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నారు.

"పెద్దింటయ్యా, మీ లంకలో ఏ మడుగులో ఎవరు వలెయ్యాలో ఎలా తేలుస్తారు?"

"చీటీలేనండి. ఎంకన్నబాబు పటం ముందు చీటీలేస్తాం. ఎవరికి ఏ మడుగొస్తే అదే. ఇక మారుమాట ఉండదు."

"మరి ఇదీ అలాగే తేలుద్దాం. ఆయనేది ఇస్తే అదే చదువుతాడు. సరేనా?"

మొగుడూ పెళ్ళాం మొహమొహాలు చూసుకున్నారు. దేవుడి దగ్గర కాదనేదెవరు? సరేనన్నారు.

మాస్టారు లోపలికి వెళ్ళి మూడు చీటీలు రాసి, మడిచి తెచ్చారు.

"మూడోదేంటండీ?" అన్నాడు పెద్దింటయ్య.

"హిస్టరీ. రెండే వేస్తే దేవుణ్ణి కూడా మీ తగువులోకి లాగినట్టుంటుంది. ఆయనకీ కాస్త చోటుండాలిగా."

"హిస్టరీ అంటే ఏముంటదండీ?"

"రాజులు, యుద్ధాలు."

"పోయినోళ్ళ గొడవ మనకెందుకులెండి," అన్నాడు గానీ, రాదులే అన్న ధైర్యంతో ఊరుకున్నాడు.

ద్వారకా తిరుమల నుంచి తెచ్చిన పటం ముందు మాస్టారు కర్పూరం వెలిగించారు. సత్తెమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, గోవిందా గోవిందా అనుకుంటూ ఒక చీటీ తీసి కొడుకు చేతిలో పెట్టింది. వాడు విప్పి చదివాడు.

"హిస్టరీ."

మాస్టారు మిగిలిన రెండు చీటీలూ తీసి కర్పూరం మంటలో పెట్టేశారు. "దేవుడు వద్దన్నవి ఇంట్లో ఉంచకూడదు," అన్నారు.

పెద్దింటయ్యకి ఐసు మిషను కళ్ళముందే కరిగిపోయింది. అయితే పెళ్ళాం వైపు చూసేసరికి, ఆల్జీబ్రా కూడా రాలేదు కదా అన్న సంగతి తట్టి ప్రాణం కుదుటపడింది. సత్తెమ్మకీ అదే తట్టినట్టుంది, పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంటోంది. ఇద్దరూ వేలిముద్రలేశారు. తిరుగు పడవలో పక్కపక్కనే కూర్చుని, ఒకే ఆకులో పులిహోర తిన్నారు.

ఆదివారానికల్లా పెద్దింటయ్య హిస్టరీ మనిషైపోయాడు. "ఫిజిక్సు ఎవరైనా చదువుతారు. మావాడికి ఎంకన్నబాబు స్వయంగా ఏరి ఇచ్చాడు," అని లంకంతా చెప్పుకు తిరిగాడు.

సోమవారం కొడుకుని వెంటబెట్టుకుని బడికి వెళ్ళి, గుమాస్తా సత్తిరాజు ముందు దరఖాస్తు పెట్టాడు. సత్తిరాజు రిజిస్టరులో పేరు రాసుకుంటున్నాడు. వీరాస్వామి మాత్రం ఎందుకో, "నాన్నా, పడవకి వేళవుతోంది, పద," అని చొక్కా పట్టుకుని లాగుతున్నాడు.

"ఉండరా," అని, దేవుడి దయ దక్కని పిల్లల మీద జాలేసి, పెద్దింటయ్య అడిగాడు. "మరి ఫిజిక్సులో, ఆల్జీబ్రాలో ఎంతమంది చేరారండీ?"

సత్తిరాజు కలం ఆపి, కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"మన బళ్ళో ఉన్నది హిస్టరీ ఒక్కటేనయ్యా."