తుపాకీకి కొబ్బరినూనె

కానిస్టేబుల్ సాయికుమార్ సంచి మొత్తం బోర్లించాడు. తుపాకీ నూనె సీసా లేదు.

టెక్కలిలో జీపెక్కే తొందరలో మర్చిపోయాడు.

అంతకు ముందు వారమంతా నౌపడ ఉప్పుమళ్ళ దగ్గర బందోబస్తు. ఆ ఉప్పుగాలికి ఎస్సెల్లార్ తుపాకీ అక్కడక్కడా ఎర్రబడింది. బోల్టు లాగితే కిర్రుమంటోంది.

ఇప్పుడేమో ఉద్దానం పల్లెలో ఎలుగుబంటి కాపలా. మొన్న జీడితోటలో అది ఒక మనిషిని చంపేసింది. మత్తుమందిచ్చి పట్టేవాళ్ళు విశాఖ నుంచి వచ్చేదాకా ఊరిని కాయమన్నారు. మనుషుల మీదకు వస్తేనే కాల్చమన్నారు.

ఊరు మాత్రం కనబడితే కాల్చెయ్యమంటోంది. సాయికుమార్ మనసులోనూ అదే ఉంది. ఎలుగును కొట్టిన కానిస్టేబుల్ అంటే పేపర్లో ఫొటో పడకుండా ఉంటుందా?

రామమందిరం అరుగు మీద తువ్వాలు పరిచాడు. తూటాలు తీసి పక్కన పెట్టి తుపాకీ విప్పాడు. భోజనం తెచ్చిన ఊరి కుర్రాడు ఈశ్వర్‌ని నూనె అడిగితే గ్లాసుడు కొబ్బరినూనె ఇచ్చిపోయాడు. ఉద్దానంలో దేనికైనా మందు అదే.

తాడుకు గుడ్డ కట్టి, నూనెలో ముంచి, గొట్టంలోంచి లాగాడు. గుడ్డ ఎర్రగా వచ్చింది. ఇంకో గుడ్డ ముంచాడు.

"దాన్ని కాల్సీడానికేనా బాబూ ఈ సోకంతా?"

తలెత్తాడు. మెట్ల కింద ఎండలో ఒక ఆడమనిషి. యాభై దాటి ఉంటాయి. తలకు నూనె లేదు, జుట్టు రేగిపోయి ఉంది.

"ఊరంతా తలుపులేసుకుంటే నువ్వేటమ్మా తిరుగుతున్నావు? పైకొచ్చి నీడన కూసో."

"నాను పైకి రాకూడదు."

ఏదో పట్టింపు కాబోలనుకుని ఊరుకున్నాడు.

"అది పిల్లల తల్లి బాబూ. కాల్సకు."

"మనిషిని సంపేసింది."

"పిల్లలున్న పొదలోకెళ్తే ఏ తల్లి ఊరుకుంటాది? కొండని తవ్వి ఎలుకని పట్టినారంటారు. మన కొండని రాళ్ళకోసం తవ్వి ఎలుగుని ఊరిమీదకి తోలినారు. ఆళ్ళని అడగనేరు గానీ, దీని మీదకి తుపాకీ!"

సాయికుమార్‌కు ఒళ్ళు మండింది.

"సచ్చినోడి ఇంటికెళ్ళి ఈ మాట అను. సీపురు తిరగేత్తారు."

ఆమె కొంగు తలమీదకి లాక్కుంది. అక్కడి నుంచి మాత్రం కదల్లేదు. మొండిఘటం!

తుపాకీ బిగించేసరికి పొద్దు వాలింది. బోల్టు వెన్నలా జారింది. అతనికి హుషారొచ్చింది.

అప్పుడే జీడిచెట్ల కింద ఎండుటాకులు గలగలమన్నాయి.

ఎలుగు. వీపు మీద రెండు పిల్లలు. ముక్కు గాల్లోకెత్తి, నేరుగా మందిరం వైపే వస్తోంది.

సాయికుమార్ తూటాలు ఎక్కించాడు. భుజానికి ఆనించి గురి చూశాడు.

గురికి అడ్డంగా ఆమె నేతచీర.

"జరుగు! మీదకొత్తంది!"

"నీ మీదకి కాదు, నీ నూనె మీదకి! గుళ్ళో దీపాల నూనె నాకడానికే అది ఊళ్ళోకొత్తాది. ఇంత నూనె పూసి నువ్వే పిలిసినావు. పిలిసి సంపుతావా? సిగ్గు నేదా?"

అరుగు అంచున ఉన్న నూనె గ్లాసు లాక్కుని తోటవైపు బలంగా విసిరింది.

ఎలుగు ఆగింది. వెనక్కి తిరిగింది. నూనె పడ్డ ఇసుకను తీరుబడిగా నాకింది. తర్వాత పిల్లల్ని మోసుకుంటూ చెట్లలోకి వెళ్ళిపోయింది.

అది కనుమరుగయ్యేదాకా ఆమె చేతులు చాపి తుపాకీకి ఎదురుగా నిలబడే ఉంది.

"నీ పేరు సెప్పు! డ్యూటీకి అడ్డమొచ్చావని పైకి రాత్తాను."

"సరోజిని. పెద్ద అచ్చరాల్తో రాసుకో."

వెనక్కి చూడకుండా వీధి మలుపు తిరిగిపోయింది.

అలికిడి విని ఈశ్వర్ పరుగున వచ్చాడు.

"కాల్సనేదేటి సార్?"

"కాల్చనిత్తే కదా! ఎవరో సరోజినట. ఎలుగంటే సుట్టమనుకుంటాది కాబోలు. ఎవురా తిక్కమనిషి?"

ఈశ్వర్ వీధి మలుపు వైపు చూశాడు.

"మొన్న ఎలుగు సంపింది ఆమె కొడుకునే సార్."