మామ్మ మీద నింద

"ఒసే అనితా, సేపల వేటకెళ్లినోడు ఆకలితో వస్తాడు, ఏటెడతావే?" అత్త లక్ష్మణమ్మ ఖాళీ గిన్నె తెచ్చి చూపించింది. నెత్తళ్ల చేపల వేపుడు మొత్తం మాయమైంది.

అనిత కూతురి వైపు చూసింది. ఆరేళ్ల గౌరి మూతి నూనెతో మెరుస్తోంది.

"గౌరీ, ఎవలు తిన్నారే?"

"దాన్నేటి అడుగుతావు? పాపం, దాని బుర్రకేటి ఎక్కుతాది?" అంది లక్ష్మణమ్మ.

పుట్టినప్పుడు ఊపిరందక గౌరి చాలాసేపు ఏడవలేదు. నడకా మాటా ఆలస్యమయ్యాయి. కుడిచెయ్యి ఇప్పటికీ బిగుసుకునే ఉంటుంది. తెలివి సంగతి పెరిగేకొద్దీ చూడాలన్నాడు డాక్టరు. అనిత అప్పట్నుంచీ చూస్తూనే ఉంది.

"ఉండత్తా, దాన్నే సెప్పనీ."

గౌరి మాట కూడదీసుకునేదాకా ఇద్దరూ ఆగారు.

"మా... మామ్మ."

"ఓలమ్మో! ఇయేల శనివారం, నీసు ముట్టని మనిసిని, నా మీద నిందా!"

గౌరి ఎడమచెయ్యి మెల్లగా లేచి మామ్మ పైటకొంగును చూపించింది. దాని నిండా చిన్న చిన్న వేళ్ల నూనె మరకలు. ఇంకా ఆరనేలేదు.

"అబద్దమాడినాదత్తా!" కళ్లనీళ్లతోనే పగలబడి నవ్వింది అనిత. "సాచ్చెం కూడా తయారు సేసీసినాది!"

లక్ష్మణమ్మ కొంగు చూసుకుంది. మనవరాలిని చూసింది. మళ్లీ కొంగు చూసుకుంది.

అంతలో కొడుకు దాలయ్య వాకిట్లో వల దించాడు. "అమ్మా, వేపుడేదే?"

"నానే తినీసినాన్రా," అంది లక్ష్మణమ్మ, గౌరిని ఒళ్లోకి లాక్కుంటూ. "నీ కూతురు పట్టీసినాది."