చెంగల్రాయుడి మూడో సినిమా

“నా సినిమా ఎవురు చూస్తారక్కా? నువ్వు నిశ్చింతగా రా” అన్నాడు చెంగల్రాయుడు.

గుడియాత్తంలో తాపీ మేస్త్రి పని మానేసి నిర్మాత అయిన మనిషి. మొదటి సినిమాలో వాన పాటకు ట్యాంకరు దండగని నిజం వాన కోసం కాచుకున్నాడు. వేలూరు ఎండకు హీరోయిన్ పారిపోయింది. రెండో సినిమాలో రౌడీలంతా ఆయన పాత కూలీ శివలింగం ఒక్కడే. చొక్కాలు మాత్రం వేరు. ఆ రెండింటినీ చివరిదాకా చూసింది ఆయనొక్కడే. ఆ మాట ఆయనే చెప్పి ఆయనే నవ్వుతాడు.

మూడోదాంట్లో పెళ్ళి సీను. బయటి హీరోయిన్ ఎందుకని కూతురు దివ్యనే పెట్టాడు. జనం కోసం బంధువులందర్నీ పిలిచాడు. సత్తువాచారిలో ఉండే అక్క కుప్పమ్మ మాత్రం మొండికేసింది. తల్లి లేని దివ్యను పెంచింది ఆమే.

“చర్చికి పొయ్యే ఆరోకియమేరి కొడుకా హీరో? వాడు మన బిడ్డ మెడలో తాళి కట్టేదేందిరా?”

“ఆంబూరు షూ కంపెనీలో జీతముండాది వానికి. నన్నేమీ అడగడు. నువ్వు అక్షింతలు వేస్తేనే పీటలెక్కుతానంటా ఉండాది దివ్య. నువ్వు రాకుంటే ఈ సీనే లేదక్కా. నేను మళ్ళా తాపీ పట్టుకోవాల్సిందే.”

కుప్పమ్మ పెట్టెలోంచి పట్టుచీర తీసింది.

మండపంలో ఆయన పిసినారితనం చూసి అందరూ నవ్వుకున్నారు. నటుడైతే రోజు బత్తా అడుగుతాడని విరించిపురం నుంచి పెళ్ళిళ్ళు చేసే అసలు అయ్యవారినే పిలిపించాడు. హీరో తల్లిగా ఆరోకియమేరినే కూర్చోబెట్టాడు. కెమెరా పట్టింది మళ్ళీ శివలింగమే. గ్లిజరిన్ కూడా కొనలేదు. ఆరోకియమేరీ, దివ్యా ఊరికే ఏడ్చేశారు. బిర్యానీ మాత్రం ఆంబూరు నుంచి తెప్పించాడు. ఈయనకేమైందని బంధువులు ముక్కున వేలేసుకున్నారు.

మేళం మోగింది. మూడు ముళ్ళూ పడ్డాయి. దివ్య వంగి కాళ్ళకు మొక్కగానే కుప్పమ్మ కరిగిపోయింది. గుప్పెడు అక్షింతలు చల్లి, “నూరేళ్ళు చల్లగా ఉండండి నాయనా” అని ఇద్దరి తలలూ నిమిరింది.

“ఓకే! ఒక్క టేకే!” అంటూ చెంగల్రాయుడు కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

కుప్పమ్మ కూడా ముక్కు చీదుకుంది. “బాగా వచ్చిందా? సరి, ఆ గిల్టు తాళి తీసిచ్చేయమను. నీ సంగతి నాకు తెలీదా, అద్దెకు తెచ్చింటావు.”

ఆయన అక్క చేతులు రెండూ పట్టుకున్నాడు.

“తాళి బంగారందే అక్కా, కెమెరాలోనే మెమరీ కార్డు లేదు.”