సుత్తి పరీక్ష

"ఇంత చురుగ్గా రాళ్ళు కొడుతున్నారంటే, మీ ఊళ్ళో కరువు లేదన్నమాట. రేపే ఈ కరువు పని మూసేస్తాను," అన్నాడు కర్నూలు నుంచి వచ్చిన ఆఫీసరు.

"నిన్న మెల్లగా కొడితే సోమరులని కూలి కోసినారు కదా సామీ!" అని నిలదీసింది కూలీల్లోంచి సోమక్క.

"సర్కారు రూలు అది. నిజంగా ఆకలున్నవాళ్ళకి సుత్తి లేవదు."

సోమక్క తన సుత్తి ఆయన ముందు పెట్టింది. "అట్లయితే మీరొక రాయి పగలగొట్టండి, చూస్తాం."

అందరూ చూస్తున్నారని ఆఫీసరు కోటు విప్పాడు. పళ్ళు బిగించి నాలుగు దెబ్బలు వేశాడు. రాయి పగల్లేదు, ఆయనే కూలబడ్డాడు.

సోమక్క, కూలీల పేర్లు రాసుకునే గుమాస్తా వైపు తిరిగింది. "ఈయప్ప మాకంటే శానా కరువులో ఉండాడు. మొదట ఈయప్ప పేరు రాసుకోప్పా!"

కూలీలంతా పగలబడి నవ్వారు. ఆఫీసరు మాత్రం తన అరచేతిలో లేచిన బొబ్బను చాలాసేపు చూసుకున్నాడు.

"పని ఇంకో నెల సాగనీ," అన్నాడు గుమాస్తాతో.