యంత్రం వదులుకున్న ఏనుగు

నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. తప్పులుంటే మన్నించండి, రాత నిదానమని విసుక్కోకండి.

ఊరి నీళ్ల పంపకం యంత్రాలకు అప్పగించే ముందు వాటికి చదరంగంతో పరీక్ష పెడుతున్న కాలమది. మంగళగిరి పరీక్షశాలలో, ఒకప్పుడు చీరలు నేసి, ఇప్పుడు యంత్రాల తప్పులు రాసుకునే వీరరాఘవమ్మ ఎదుట, ఒక యంత్రం తన ఏనుగును ఊరికే అవతలివాళ్లకు వదిలేసింది. దానికి అప్పటికే రెండు తప్పులు పడ్డాయి. మూడోది పడితే యంత్రాన్నే చెరిపేస్తారు.

"మూడో తప్పు వేసెయ్ పిన్నీ," అన్నాడు సూపర్‌వైజర్ మస్తాన్.

"ఉండయ్యా! అంచు పువ్వుకి పోగు పక్కన పెడితే, జానెడు నేశాక గదా పువ్వు కనపడేది. ఆడనీ."

"ఇది చీర కాదు పిన్నీ, చదరంగం! అవతల ఇంకా పది యంత్రాలున్నాయి నాకు."

అయినా ఆమె కలం ముట్టుకోలేదు. ముప్పై ఎత్తుల తర్వాత, ఏనుగు ఖాళీ చేసిన దారిలోనే ఒక చిన్న బంటు నింపాదిగా నడిచి వెళ్లి రాజును కట్టేసింది. మస్తాన్ నోరు తెరిచాడు. ఎంత దూరం చూసిందమ్మా ఇది అని వీరరాఘవమ్మ మురిసిపోయింది.

"నీకెట్టా తెలిసింది పిన్నీ?"

"నాకేం తెలుసు! నాకు తెలియంది దానికి తెలిసుండొచ్చని కాసేపు కూర్చున్నా. అంతే."

— గుత్తికొండ శేషారత్నం, డెబ్బై ఒక్కేళ్లు. ఇప్పుడుండేది పేరాలలో.