బావ తీసుకోని సెలవు

“సెలవు మీ హక్కు. జీతం తగ్గదు. పదిహేను రోజులు ఇంట్లో హాయిగా కాళ్లు చాపుకుని కూర్చోండి,” అంది కొత్త మేనేజరమ్మ.

అంత చల్లటి మాట విని బావ మొహం పాలిపోయింది.

పక్కనే నిలబడ్డ సాలీడుకీ గుండె జారిపోయింది. సాలీడంటే పురుగు కాదండోయ్, బావకి స్వయానా బామ్మర్ది. ఇరవై రెండంతస్తుల ఆ ఆఫీసు భవనం బయట తాళ్లకి వేలాడుతూ అద్దాలు తుడుస్తాడు కాబట్టి లోపలివాళ్లు పెట్టిన పేరది. టెర్రస్ మీద ఆ తాళ్లు కట్టేది బావ. ఎనిమిదేళ్లుగా ఇద్దరిదీ అదే జత.

“నాకొద్దు మేడమ్,” అన్నాడు బావ.

“వద్దంటే కుదరదు. ఎనిమిదేళ్లలో ఒక్క సెలవు వాడలేదు మీరు. పండగలకి ఆఫీసులన్నీ మూసేసిన రోజుల్లో కూడా పనిచేశారు, దానికి బదులు సెలవూ తీసుకోలేదు. రేపు తనిఖీకి వచ్చినవాళ్లు నన్ను నిలదీస్తారు.”

“అయితే ఇద్దరికీ కలిపి ఇవ్వండి.”

“ఆయనవి ఎప్పుడో అయిపోయాయి.”

అదీ నిజమే. పాప పుట్టిందని, పన్ను నొప్పని, ఊరికే బద్ధకంగా ఉందని సాలీడు తన సెలవులన్నీ వాడిపారేశాడు. సోమవారం నుంచి బావ స్థానంలో కొత్తమనిషి వస్తాడని మేనేజరమ్మ తేల్చి చెప్పేసింది.

సాలీడు గురించి ఒక సంగతి చెప్పాలి. అతనికి ఎత్తంటే చచ్చేంత భయం. నవ్వకండి. పొట్టకూటి కోసం వేలాడుతున్నాడు గానీ కిందకి చూడడు, పైకీ చూడడు. ఎదురుగా ఉన్న అద్దం, అందులో తన మొహం, అంతే. టెర్రస్ ఎక్కిన పాపాన పోలేదు. పై అంతస్తు కిటికీలోంచి బయటికొచ్చి చెక్కపీట మీద కూర్చుంటాడు. పైనుంచి నేలదాకా రెండు తాళ్లు దిగుతాయి. ఎర్రది బరువు మోస్తుంది. ఎర్రది తెగితే ప్రాణం కాపాడడానికి నీలంది. రెండూ తగిలించుకుని, పీట పిడి వదులు చేసుకుంటూ మెల్లగా జారతాడు.

“కట్టావా బావా?”

“కట్టా. దిగు.”

ఆ గొంతు వినిపిస్తే చాలు అతనికి. ముడి ఎలా ఉందో చూడాలని ఏనాడూ అనుకోలేదు. చూస్తే లేనిపోని అనుమానాలు పట్టుకుంటాయని అతని బాధ. పైగా అక్క ఇంటికెళ్లి ఆమెతో వేళాకోళం ఆడేవాడు. “మీ ఆయనకేంటే, కూర్చుని తినే ఉద్యోగం! నేను కింద చెమటలు కక్కుతుంటే మహారాజు టీ తాగడానికి కూడా లేవడు.”

ఇప్పుడు ఆ మహారాజు లేకుండా దిగాలి. శుక్రవారం రాత్రి సాలీడుకి అన్నం సహించలేదు. శనివారం రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఆ కొత్తవాడెవడో, వాడి చేతులెలాంటివో, నిన్నటిదాకా ఏం కట్టాడో, ఎవరిని దించాడో!

ఆదివారం పొద్దున్నే బావ సాలీడు ఇంటికి వచ్చాడు. కూర్చోలేదు.

“రేపు జ్వరమని చెప్పరా. పదిహేను రోజులూ రాకు.”

“సెలవుల్లేవుగా బావా. ఉద్యోగంలోంచి పీకేస్తారు.”

“పీకనీ. బతికుంటే బఠాణీలు అమ్ముకోవచ్చు.”

“ఏం బావా? వాడికి ముడి వెయ్యడం రాదా?”

“ముడిదేముందిరా, ఎవడైనా వేస్తాడు.”

“మరెందుకు నీకింత భయం?”

బావ ఏదో చెప్పబోయాడు. లోపల్నుంచి పాప పరుగెత్తుకుంటూ వచ్చి కాళ్లకి చుట్టుకుంది. దాన్ని ఎత్తుకుని, “దిగకురా, నా మాట విను,” అని మళ్లీ అదే మాట అనేసి వెళ్లిపోయాడు.

సోమవారం వచ్చింది. ఇంట్లో కూర్చుంటే ఉద్యోగం పోతుంది, వెళ్తే ప్రాణం పోయేలా ఉంది. పాప మొహం చూసి బయల్దేరాడు.

పై అంతస్తు కిటికీ తెరిచాడు. గాలి మొహం మీద కొట్టింది. ఎర్రతాడు దిగింది. నీలంతాడు దిగలేదు. ఒక నిమిషం అయింది. రెండు నిమిషాలైంది.

“అన్నా!” పైనుంచి కొత్తవాడి కేక. “దిగొద్దు. ఒకసారి పైకి రా.”

ఎనిమిదేళ్లలో మొదటిసారి సాలీడు టెర్రస్ ఎక్కాడు. గోడ పట్టుకుని, పాకుతున్నట్టే వెళ్లాడు.

కొత్తవాడు నీలంతాడు కొస చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. “తాడు కట్టే కొక్కెం ఒక్కటే ఉందన్నా. ఎర్రది దానికే కట్టా. రెంటినీ ఒకేదానికి కట్టకూడదు. ఇది దేనికి కట్టను? మొత్తం వెతికా, ఇంకోటి లేదు.”

నిజంగానే లేదు. రెండోది ఉండాల్సిన చోట తుప్పు పట్టిన మొండి ముక్క మిగిలింది. దానికెదురుగా పిట్టగోడ సున్నం, రెండు పాదాలు ఆనినంత మేర అరిగిపోయి ఉంది.

సాలీడు ఫోన్ చేశాడు. మోగీ మోగకముందే బావ ఎత్తాడు.

“దిగావా? దిగలేదు కదా?”

“దిగలేదు. పైన ఉన్నా. బావా, ఇక్కడ కొక్కెం ఒక్కటే ఉందేంటి?”

“రెండోది మనం చేరిన నెలకే ఊడిపోయిందిరా. ఇదిగో వేయిస్తాం, అదిగో వేయిస్తాం అన్నారు. నీకు చెబితే జన్మలో మళ్లీ ఆ గోడ దిగవు.”

“మరి ఇన్నాళ్లూ నీలంతాడు దేనికి కట్టావు బావా?”

“నా నడుముకేరా.”